ఏడుపు ఆగిందంటే అలవాటు పడినట్టేనా?

1950ల మొదట్లో లండన్ ఆస్పత్రుల్లో పిల్లల వార్డులోకి తల్లిదండ్రులను సరిగా రానిచ్చేవాళ్లు కాదు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు చూడనిస్తే అదే గొప్ప. కొన్నిచోట్ల పిల్లలు నిద్రపోయాక చూసి వెళ్లిపోవాల్సిందే. దీనికి డాక్టర్లు, నర్సులు చెప్పే కారణం వినడానికి సబబుగానే ఉండేది. తల్లి వచ్చి వెళ్లిన ప్రతిసారీ పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది, తిండి మానేస్తుంది. ఎవరూ రాకపోతే కొన్ని రోజులకు దానంతటదే సర్దుకుంటుంది, చెప్పిన మాట వింటుంది. మరి తల్లి రావడం ఎందుకు, పిల్లను ఏడిపించడం ఎందుకు అనేవాళ్లు.

ఆ సర్దుకోవడం అసలు ఏమిటో పక్కన కూర్చుని చూసిన మనిషి జేమ్స్ రాబర్ట్‌సన్. ఆయన డాక్టర్ కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పిల్లల మనస్తత్వ నిపుణురాలు అన్నా ఫ్రాయిడ్ లండన్‌లో నడిపిన శిశు నిలయంలో బాయిలర్ చూసుకోవడం, చిన్నాచితకా మరమ్మతులు చేయడం ఆయన పని. అక్కడ పనిచేసేవాళ్లు ఎవరైనా సరే, పిల్లల్లో తాము గమనించినది కార్డు మీద రాసివ్వాలని నియమం ఉండేది. రాబర్ట్‌సన్‌కు చూపు అక్కడే కుదిరింది. 1948లో జాన్ బౌల్బీ అనే సైకియాట్రిస్ట్ దగ్గర చేరి, వార్డుల్లో ఒంటరిగా ఉన్న చిన్నపిల్లలను గమనించడమే పనిగా పెట్టుకున్నారు. తను చెప్పేది డాక్టర్లు నమ్మకపోవడంతో కెమెరా పట్టుకున్నారు. రెండేళ్ల అయిదు నెలల లారా అనే పాప ఎనిమిది రోజుల ఆస్పత్రి జీవితాన్ని సినిమాగా తీసి 1952లో వైద్యుల ముందు ప్రదర్శించారు.

లారాది బొడ్డు హెర్నియాకు చేసే మామూలు ఆపరేషన్. ఆ పాప వయసుకు మించిన నిబ్బరం గలది, అందుకని పెద్దగా ఏడుపులు పెడబొబ్బలు ఉండవు. టెడ్డీ బొమ్మను, ఇంటి దుప్పటి ముక్కను వదలకుండా పట్టుకుని ఉంటుంది. ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి అమ్మ ఏదని అడుగుతుంది. ముఖం కాస్త వంకర పోతుంది, అంతలోనే తమాయించుకుంటుంది. తల్లి చూడటానికి వస్తే మాత్రం చేతులు చాచదు. ముఖం అటు తిప్పుకుంటుంది. సినిమా మొత్తంలో మనసును పట్టేసేది ఆ తిప్పుకోవడమే. చూసిన డాక్టర్లలో చాలామంది ఇది ఆస్పత్రులను అవమానించడమేనని కోప్పడ్డారు. అయినా ఏడేళ్లు తిరిగేసరికి, 1959లో, బ్రిటన్ ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను ఏ వేళలోనైనా రానివ్వాలని, చిన్నపిల్లల దగ్గర తల్లి ఉండేందుకు వీలు కల్పించాలని సిఫారసు చేసింది.

రాబర్ట్‌సన్, బౌల్బీ చూసిన వరస ఇది. విడదీసిన పిల్ల మొదట ఎదురు తిరుగుతుంది, ఏడుస్తుంది, తలుపు వైపే చూస్తుంది. తర్వాత డీలా పడుతుంది, ఒక మూల కూర్చుంటుంది. ఆ తర్వాత మామూలుగా అయిపోయినట్టు కనిపిస్తుంది. తింటుంది, ఆడుకుంటుంది, ఎవరు పలకరించినా నవ్వుతుంది. తల్లి వస్తే పట్టించుకోదు. ఈ మూడో దశను చూసే నర్సులు పిల్ల సర్దుకుందని అనుకునేవాళ్లు. ఏడుపు పూర్తిగా పోవడం వాళ్ల కంటికి నయమైనట్టు కనపడింది. నిజానికి ఆ పిల్ల అడగడం మానేసింది, అంతే.

తెలుగు ఇళ్లలో ఈ మాటకు మన వెర్షన్ ఉంది. "మొదట్లో బాగా ఏడ్చాడండీ, ఇప్పుడు అలవాటు పడిపోయాడు." చిన్నప్పుడే హాస్టల్లో వేసిన పిల్లవాడి గురించి, అమ్మమ్మ దగ్గర వదిలి పరాయి దేశం వెళ్లినవాళ్ల పిల్ల గురించి తరచూ వినపడే మాటే. అది చాలాసార్లు నిజమే కావచ్చు కూడా. పిల్లలు కొత్త చోట నిజంగానే కుదురుకోగలరు. కానీ కుదురుకోవడానికి, అడగడం మానేయడానికి పైకి కనిపించే తేడా చాలా తక్కువ. దెబ్బ తగిలినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, రాత్రి భయమేసినప్పుడు ఆ పిల్ల ఎవరి దగ్గరికి పరిగెడుతుందో చూడాలి. వెతుక్కుని వెళ్లే మనిషి ఒకరుంటే కుదురుకున్నట్టు. ఎవరి దగ్గరికీ వెళ్లకపోయినా, ఎవరు పడితే వాళ్ల దగ్గరికి వెళ్లిపోయినా ఆలోచించాల్సిందే.

ఎవరు పడితే వాళ్ల దగ్గరికి వెళ్లిపోవడం అంటే ఏమిటో రొమేనియా అనాథాశ్రమాల్లో ప్రపంచం చూసింది. జనాభా పెంచాలన్న పట్టుదలతో ఆ దేశపు నియంత చౌషెస్కు ప్రభుత్వం 1966లో గర్భస్రావాలను దాదాపుగా నిషేధించింది. సాకలేని కుటుంబాలు పిల్లలను ప్రభుత్వ ఆశ్రమాలకు అప్పగించాయి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు ఆశ్రమాల్లో ఉన్నారు. అనాథలని పేరేగానీ చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారు. తర్వాత అక్కడ పరిశోధన చేసిన అమెరికన్ శాస్త్రవేత్త నేథన్ ఫాక్స్, పసిపిల్లల గదిలోకి అడుగుపెట్టగానే తనను కలవరపెట్టినది అక్కడి నిశ్శబ్దమని చెప్పారు. గది నిండా ఉయ్యాల మంచాలు, వాటి నిండా పసివాళ్లు, ఏడుపు మాత్రం లేదు. ఏడిస్తే ఎవరైనా వస్తారని తెలిసిన బిడ్డే ఏడుస్తుంది. ఇక కాస్త పెద్ద పిల్లలైతే ఎన్నడూ చూడని మనిషి గుమ్మంలో కనపడినా పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకునేవాళ్లు, ఎత్తుకోమనేవాళ్లు. చూడటానికి కలివిడితనంలా ఉంటుంది. తన మనిషి ఎవరో, పరాయి మనిషి ఎవరో తేడా తెలియకపోవడం అది.

ఫాక్స్, చార్లెస్ నెల్సన్, చార్లెస్ జీనా కలిసి 2000 తర్వాత బుకారెస్ట్‌లో చేసిన అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ అన్నిటికన్నా బలమైన ఆధారం. ఆశ్రమాల్లో ఉన్న 6 నుంచి 31 నెలల మధ్య వయసు పిల్లలు 136 మందిని తీసుకుని, చీటీ వేసినట్టుగా రెండు సగాలు చేశారు. 68 మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగతావాళ్లు మామూలు ప్రభుత్వ సంరక్షణలోనే కొనసాగారు. వాళ్లలో ఎవరికైనా తర్వాత కుటుంబం దొరికితే అడ్డుకోలేదు. పుట్టిన ఇంట్లోనే పెరుగుతున్న మరికొంతమంది పిల్లలను పోల్చి చూడటానికి తీసుకున్నారు. నాలుగున్నరేళ్ల వయసులో తెలివితేటల పరీక్ష పెడితే, ఆశ్రమం గుంపు సగటు 73 దగ్గర, పెంపుడు ఇళ్లకు వెళ్లినవాళ్లది 81 దగ్గర, సొంత ఇళ్లలో పెరిగినవాళ్లది 109 దగ్గర వచ్చింది. రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి వెళ్లినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. మనిషితో బంధం కుదరడంలోనూ అదే కనిపించింది. ఎనిమిదేళ్లప్పుడు మెదడు విద్యుత్ తరంగాలను కొలిస్తే, రెండేళ్లలోపు ఇల్లు దొరికిన పిల్లలవి మామూలు పిల్లల వాటికి దగ్గరగా ఉన్నాయి. ఆలస్యంగా వెళ్లినవాళ్లవి అలా లేవు.

ఆశ్రమాల్లో తిండి, బట్ట, పడక ఎంతోకొంత ఉండేవి. లేనిది, ఈ బిడ్డ నాది అనుకునే మనిషి. ఆయా మారుతుంది, షిఫ్టు మారుతుంది, ఒక్కొక్కరి కింద పదిమందికి పైగా పిల్లలు. పసివాడు నవ్వితే తిరిగి నవ్వేవాళ్లు, ఊకొడితే ఊకొట్టేవాళ్లు ఉండాలి. మన అమ్మమ్మలు పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెడుతూ ఆ బిడ్డ చేసే శబ్దాలకల్లా బదులు పలుకుతారు చూడండి, మెదడు పెరగడానికి కావాల్సిన మేత అందులోనే ఉంది. మొదటి రెండు మూడేళ్లలో మెదడు కణాల మధ్య లింకులు విపరీతంగా ఏర్పడతాయి. వాడుకలో ఉన్నవి గట్టిపడతాయి, వాడనివి రాలిపోతాయి. పలకరింపే లేని చోట ఆ పని కుంటుపడుతుంది.

మరి 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత నిజమేనా? ఈ సామెతను పిల్లలకు క్రమశిక్షణ నేర్పాలని చెప్పడానికి వాడతాం. చిన్నప్పుడు దెబ్బతిన్నవాడు ఇక బాగుపడడని తేల్చేయడానికి కూడా వాడేస్తాం. ఆ రెండో వాడుక తప్పు.

రొమేనియా నుంచే ఇంగ్లాండుకు దత్తత వెళ్లిన 165 మంది పిల్లలను సైకియాట్రిస్ట్ మైకేల్ రట్టర్, ఆయన తర్వాత ఎడ్మండ్ సొనుగా-బార్క్ దశాబ్దాలపాటు గమనిస్తూ వచ్చారు. ఆరు నెలల లోపే ఆశ్రమం నుంచి బయటపడినవాళ్లు పెద్దయ్యాక మిగతా దత్తత పిల్లల్లాగే ఉన్నారు. అంతకు మించి ఉన్నవాళ్లలో చాలామందికి ఏకాగ్రత కుదరకపోవడం, నలుగురిలో ఎలా మెలగాలో తెలియకపోవడం వంటి ఇబ్బందులు వయసొచ్చినా పోలేదు. ఇది ఒప్పుకుని తీరాల్సిన చేదు నిజం. ప్రేమగా పెంచితే అంతా సరైపోతుందని దత్తత తల్లిదండ్రులకు చెప్పడం వాళ్లకు అన్యాయం చేయడమే. సరి కాకపోతే లోపం తమలోనే ఉందని కుమిలిపోతారు. అయితే ఆరు నెలలకు మించి ఆ నరకంలో ఉన్నవాళ్లలో కూడా దాదాపు అయిదోవంతు మందిలో యవ్వనం వచ్చేదాకా ఏ దశలోనూ పెద్ద సమస్య కనిపించలేదు. అందరిదీ ఒకే దారి కాదు.

రొమేనియా మరీ తీవ్రమైన ఉదాహరణ. మామూలు ఇళ్లలో జరిగే కుదుపుల గురించి తెలుసుకోవడానికి హవాయిలోని కవాయి దీవి మంచి చోటు. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది బిడ్డలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ నలభయ్యేళ్ల దాకా వదలకుండా చూశారు. చెరకు తోటల్లో కూలి చేసుకునే కుటుంబాలు వాళ్లలో చాలా ఉన్నాయి. ఆ పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి పేదరికం, కాన్పు కష్టాలు, ఇంట్లో గొడవలు, తాగుడు, తల్లికో తండ్రికో మానసిక రోగం, ఇవి ఒక్కటి కాదు, కలగలిసి ఉన్నాయి. అలాంటి పిల్లల్లో ముగ్గురిలో ఒకరు బాగా చదువుకుని, పని చూసుకుని, ఇల్లు నిలబెట్టుకునే మనుషులుగా ఎదిగారు. మిగతావాళ్లలో టీనేజీలో దారి తప్పినవాళ్లు చాలామంది ముప్ఫైలకు వచ్చేసరికి గాడిన పడ్డారు. పై చదువు, మంచి భాగస్వామి, స్థిరమైన పని ఇలాంటి రెండో అవకాశాలు అందుకు తోడ్పడ్డాయి. తట్టుకుని నిలబడినవాళ్ల జీవితాల్లో మళ్లీ మళ్లీ కనిపించినది ఒకటుంది. తల్లిదండ్రులు కాకపోయినా నమ్ముకోవడానికి కనీసం ఒక పెద్ద మనిషి. నాయనమ్మ కావచ్చు, మేనత్త కావచ్చు, టీచరు కావచ్చు.

ఇది చదువుతుంటే తెలుగువాళ్లకు టంగుటూరి ప్రకాశం గుర్తు రావడం సహజం. 1872లో పుట్టిన ఆయనకు పదకొండేళ్ల ప్రాయంలో తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లలను సాకింది. ఆనాటి బ్రాహ్మణ వితంతువుకు అది ఎంత తలవంపుల పనో, ఎంత తెగింపో ఊహించుకోవచ్చు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు కుర్రవాడిని చేరదీసి, తనతో రాజమండ్రి తీసుకువెళ్లి చదివించారు. ఆ తర్వాత బారిస్టరు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. ఒక్కరి కథ రుజువు కాదు, నిజమే. కానీ మనం ఈ కథను ఎప్పుడూ పట్టుదల కథగానే చెప్పుకుంటాం. అందులో వంట చేసిన తల్లి, వెంట తీసుకెళ్లిన మాస్టారు ఉన్నారు. పిల్లవాడి పట్టుదల గాలిలోంచి పుట్టలేదు.

బౌల్బీ మొదట్లో తల్లి నుంచి విడిపోవడాన్నే అసలు దోషిగా చూశారు. దానికి ఆయన సొంత బాల్యం కూడా కారణమేమో. 1907లో కలిగిన కుటుంబంలో పుట్టారు. తల్లి కనిపించేది రోజుకు గంటసేపు, సాయంత్రం టీ తర్వాత. అన్నీ తానై పెంచిన ఆయా ఆయనకు నాలుగేళ్లు రాబోతుండగా పని మానేసి వెళ్లిపోయింది. అది తల్లిని పోగొట్టుకున్నట్టే ఉందని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నారు. కానీ విడిపోవడమే అంతా కాదని రట్టర్ 1970ల మొదట్లో చూపించారు. జబ్బు వల్లనో, మరో అవసరం వల్లనో కొంతకాలం తల్లిదండ్రులకు దూరమైన పిల్లల్లో తర్వాత అంతగా చెడు ప్రవర్తన కనిపించలేదు. ఇంట్లో గొడవల వల్ల దూరమైనవాళ్లలో కనిపించింది. అంటే ఎక్కడికీ పంపకుండా ఇంట్లోనే ఉంచుకుని, ఆ ఇంట్లో రోజూ అరుపులు, తాగి వచ్చి కొట్టడాలు, నెలల తరబడి మాటలు మానేయడాలు ఉంటే, ఆ పిల్ల దూరంగా ఉన్న పిల్ల కన్నా భద్రంగా ఉన్నట్టు కాదు. 'పిల్లల కోసమే కలిసి ఉంటున్నాం' అనే జంటలు ఈ ముక్క తీరుబడిగా ఆలోచించాలి. కలిసి ఉండటం తప్పని కాదు, గొడవ పిల్లల కంటపడకుండా పోతుందనుకోవడం తప్పు. గేటు చప్పుడును బట్టి నాన్న ఇవాళ ఎలా వచ్చాడో చెప్పగల పిల్లలు ఎన్ని ఇళ్లలో లేరు! ఆ విద్య వాళ్లకు ఊరికే రాలేదు. ఒళ్లంతా చెవులు చేసుకుని బతికితే వచ్చింది. అలా ఎప్పుడూ అప్రమత్తంగా ఉండే శరీరంలో స్ట్రెస్ హార్మోన్ల ఎత్తుపల్లాలు గతి తప్పుతాయి. నిద్ర, చదువు, గుండె, చివరికి అన్నం అరగడం దాకా దాని ప్రభావం పాకుతుంది.

పెద్దయ్యాక వచ్చే జబ్బులకు దీనితో లంకె ఉందని అమెరికాలో శాన్‌డియేగోలో విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా చేసిన సర్వే 1998లో బయటపెట్టింది. చిన్నప్పటి కష్టాలు నాలుగు రకాలో, అంతకు మించో ఉన్నవాళ్లలో తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నాలు ఏమీ లేనివాళ్ల కన్నా నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ. ఈ సర్వే ఆధారంగా ఇప్పుడు ఆన్‌లైన్‌లో పది ప్రశ్నల స్కోరు లెక్కలు తిరుగుతున్నాయి. వాటితో జాగ్రత్త. జనాభా మొత్తానికి ముప్పు ఎంతో చెప్పడానికి పనికొచ్చే లెక్క ఒక మనిషి జాతకం చెప్పదు. ఆండా కూడా తర్వాత ఇదే హెచ్చరిక చేశారు. నాన్న రోజూ కొట్టిన ఇంట్లో పెరిగినా పక్కనే పిన్ని ఇల్లు తెరిచి ఉందా లేదా అని ఆ ప్రశ్నల్లో ఒక్కటీ అడగదు.

బాల్యం పెద్దరికంలోకి నడిచొచ్చే అసలు దారి మాత్రం ఇంకా లోపలిది. ఏడిస్తే వస్తారు, అడిగితే ఇస్తారు, కోప్పడినా మళ్లీ దగ్గరికి తీస్తారు అని నేర్చుకున్న బిడ్డ మనుషుల మీద ఒక అంచనాతో పెరుగుతుంది. వేరే రకంగా నేర్చుకున్న బిడ్డకు వేరే అంచనా. ఏ కష్టమొచ్చినా నోరు విప్పని భర్త, ఫోన్ ఎత్తడం పావుగంట ఆలస్యమైతే టెన్షన్ పడిపోయే భార్య, వీళ్లను మొండివాళ్లని, అనుమానపు మనుషులని అనేస్తాం. చాలాసార్లు వాళ్లు ఎప్పుడో మూడేళ్ల వయసులో సరిగ్గా పనికొచ్చిన పద్ధతినే ముప్ఫయ్యేళ్లకూ వాడుతుంటారు. అడగడం దండగని తెలిసిన ఇంట్లో అడగకపోవడమే తెలివి. ఇల్లు మారింది, పద్ధతి మారలేదు.

ఇక్కడ మేరీ మెయిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1980ల్లో కనిపెట్టిన విషయం అన్నిటికన్నా ఆశ కలిగించేది. పెద్దవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల చిన్నతనం గురించి, అమ్మానాన్నల గురించి చెప్పమని అడిగారు. వాళ్ల పిల్లలకు వాళ్లతో ఎలాంటి బంధం ఉందో విడిగా చూశారు. పిల్లల బంధం ఎలా ఉంటుందో చెప్పగలిగినది, తల్లిదండ్రుల బాల్యం ఎంత కష్టంగా గడిచిందన్నది కాదు. దాన్ని వాళ్లు ఎలా చెప్పుకుంటున్నారన్నది. 'మా అమ్మ దేవత' అని చెప్పి, దానికి ఒక్క ఉదాహరణ కూడా గుర్తుకు తెచ్చుకోలేనివాళ్లు ఉంటారు. నిన్న జరిగినట్టు ఇంకా ఊగిపోతూ చెప్పేవాళ్లు ఉంటారు. 'మా నాన్న కొట్టేవాడు. ఆయనకూ కష్టాలుండేవి. అయినా అది తప్పే, నాకు చాలా భయమేసేది' అని కుదురుగా చెప్పగలిగినవాళ్లూ ఉంటారు. ఈ చివరివాళ్లు ఎంత చెడ్డ ఇంట్లోంచి వచ్చినా, వాళ్ల పిల్లల్లో ఎక్కువమంది వాళ్ల దగ్గర ధైర్యంగా ఉంటారు. మన దగ్గర తల్లిదండ్రుల గురించి తప్పు మాట్లాడటం పాపమన్న భావన బలంగా ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పుకోవడం నింద కాదు. చెప్పుకోలేనిదే చెయ్యి జారి పిల్లల మీద పడుతుంది.

ఇదంతా మన ఊళ్లలో బాగా వర్తించే చోటు ఒకటుంది. కోనసీమ నుంచి, కడప వైపు నుంచి ఎంతోమంది ఆడవాళ్లు ఇంటి పనుల కోసం కువైట్ వెళ్తారు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి మగవాళ్లు గల్ఫ్ వెళ్తారు. పాలమూరు కుటుంబాలు పనుల సీజన్‌లో వలస పోతే పిల్లలు ముసలివాళ్ల దగ్గర మిగులుతారు. వెళ్లడం తప్పని ఎవరూ అనలేరు. అప్పు తీరాలి, ఇల్లు లేవాలి, ఆ పిల్లే చదువుకోవాలి. పైగా చిన్న బిడ్డ ఒక్క తల్లితోనే ముడిపడాలని లేదు. 1964లో గ్లాస్గోలో 60 మంది పసివాళ్లను గమనించిన అధ్యయనంలోనే, ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమంది పిల్లలు ఒకరికి మించి పెద్దవాళ్లతో బంధం ఏర్పరచుకున్నారని తేలింది. అన్నం పెట్టే మనిషితోనే అని కాదు, పలికితే పలికే మనిషితో. అమ్మమ్మ ఇల్లు బుకారెస్ట్ ఆశ్రమం కాదు. పెద్దవాళ్లు చేసే పొరపాటు వేరే చోట ఉంది. ఏడుస్తుందని బిడ్డ నిద్రలో ఉండగా చెప్పకుండా వెళ్లిపోవడం, ఫోన్‌లో చూస్తే బెంగ పెట్టుకుంటుందని వీడియో కాల్ మానిపించడం, అమ్మమ్మకు అలవాటయ్యాక మళ్లీ బాబాయి ఇంటికి, అక్కడి నుంచి హాస్టల్‌కు మార్చడం. లండన్ వార్డులో నర్సులు చెప్పిన కారణమే వీటి వెనకా ఉంది.

రెండేళ్ల తర్వాత ఆ తల్లి సూట్‌కేసుతో దిగుతుంది. చాక్లెట్లు, బొమ్మలు, కొత్త గౌను. బిడ్డ అమ్మమ్మ చీర కుచ్చిళ్ల వెనక్కి దూరిపోతుంది. చాక్లెట్ తీసుకుంటుంది గానీ ఒళ్లోకి రాదు. రాత్రి అమ్మమ్మ పక్కనే పడుకుంటుంది. "నన్ను మర్చిపోయింది" అని తల్లి వంటింట్లో కళ్లు తుడుచుకుంటుంది. చుట్టుపక్కలవాళ్లు బలవంతంగా ఎత్తుకోమంటారు, లేదా అమ్మమ్మను కొన్నాళ్లు పెద్దమ్మ ఇంటికి వెళ్లి ఉండమంటారు, అప్పుడైనా తల్లికి అలవాటవుతుందని. ఆ పని చేస్తే బిడ్డ రెండోసారి తన మనిషిని పోగొట్టుకుంటుంది. అమ్మమ్మ అక్కడే ఉండాలి. తల్లి స్నానం చేయించేటప్పుడు పక్కన నిలబడాలి, అన్నం కలిపి ఇస్తే అందించాలి. బిడ్డ ముఖం తిప్పుకుంటే తిప్పుకోనివ్వాలి, తల్లి మాత్రం లేచి వెళ్లిపోకూడదు.

కొన్ని వారాలకు, కొన్నిసార్లు నెలలకు, ఇంట్లోవాళ్లు తలపట్టుకునే రోజులు వస్తాయి. అప్పటిదాకా బుద్ధిగా ఉన్న పిల్ల తల్లి బజారుకు బయల్దేరితే కాళ్లు పట్టుకుని వేలాడుతుంది. బాత్రూమ్ తలుపు బయట కూర్చుని కొడుతుంది. అన్నం విసిరేస్తుంది, తల్లినే కొడుతుంది, మిగతా ఎవరినీ కొట్టదు. అర్ధరాత్రి లేచి పక్కన ఉందో లేదో తడుముకుంటుంది. "వచ్చినప్పటి నుంచీ గారాబం చేసి పాడు చేసింది" అంటారు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పిల్లల్లోనూ రాబర్ట్‌సన్ ఇవే చూశారు. అంటుకుపోవడం, అలగడం, కోపం. వార్డులో ఆగిపోయిన ఏడుపు ఇంట్లో మళ్లీ మొదలయ్యేది, ఏడిస్తే వినే మనిషి ఇప్పుడు ఎదురుగా ఉంది కాబట్టి.